రవిక అనుటకు సిగ్గేల?

మన పాఠశాలలో తెలుగు వ్యాసములను దిద్దునపుడు ఒక విషయము ఏటేట మాకు ఎక్కువగా కనబడుచున్నది. "మా అక్క పెండ్లి" అను వ్యాసము వ్రాయుమన్నచో మామిడాకుల తోరణము తెలుగులోనే యుండును. పందిరి తెలుగులోనే యుండును. పప్పు, పులిహోర, బూరెలు తెలుగులోనే యుండును. పెండ్లికూతురి బట్టల యొద్దకు వచ్చుసరికి మాత్రము కలము తడబడి 'శారీ' అనియు 'బ్లౌజ్' అనియు వ్రాయును. చీర అని వ్రాసిన బాలిక కూడ రవిక అని వ్రాయదు. ఎందుకమ్మా అని అడిగినచో తలవంచుకొని నవ్వును. ప్రక్క వరుసలోని బాలురును నవ్వుదురు. రవిక అమ్మమ్మల మాట, మోటుమాట, నలుగురిలో పలుకరాని మాట. బ్లౌజు మర్యాదగల మాట. ఈ భావము వారి మనస్సులలో బాగుగా నాటుకొన్నది. ఇది వారికి బడిలో అబ్బినది కాదు, ఇంటనుండి వచ్చినదే. కాబట్టి మేము వ్రాయు ఈ నాలుగు మాటలు బాలికలకంటె వారి తలిదండ్రులకే ఎక్కువగా ఉద్దేశింపబడినవి.

మేము ఆంగ్లమును ద్వేషించువారము కాము. ఇరువది యేండ్లకు పైబడి ఆ భాషనే బోధించుచు దానివలన అన్నము తినుచున్నాము. అందువలననే ఈ వ్యవహారములో ఆంగ్లమునే సాక్షిగా పిలిచి, దాని నోటనే నిజము చెప్పింపవలెనని మా కోరిక.

ఆంగ్లదేశపు స్త్రీలు లోపల మేనికి ఆనునట్లు ధరించు అంగీకి పూర్వము 'స్మాక్' అని పేరుండెను. కొంతకాలమునకు గొప్పయింటి స్త్రీలకు ఆ మాట మోటుగా తోచి, 'షిఫ్ట్' అనసాగిరి. షిఫ్టనగా మార్పు. ఉతికినదానిని మార్చి కట్టుకొనుట అను అర్థమున బట్ట పేరెత్తకయే బట్టను సూచించితిమని వారు సంతోషించిరి కాబోలు. మరికొంత కాలమునకు షిఫ్టు అను మాటయు మోటుదే యయ్యెను. అప్పుడు ఫ్రెంచివారి యొద్దనుండి 'షెమీజ్' అను మాటను తెచ్చుకొనిరి. బట్ట అదియే, దాని పని అదియే. పేరు మాత్రము రెండుమార్లు మారినది. 1907వ సంవత్సరము జనవరిలో డబ్లిన్ నగరమందలి ఆబీ నాటకశాలలో సింగ్ అను నాటకకర్త రచించిన కొత్త నాటకము ఆడుచుండగా, ఒక పాత్ర నోట ఈ షిఫ్టు అను మాట వెలువడినంతనే సభలో కేకలు పుట్టి, తరువాతి దినములలో పోలీసులను పిలువవలసి వచ్చినది. ప్రేక్షకులకు ఆ నాటకముపై వేరు కోపములును గలవు; అయినను మంటకు నిప్పురవ్వయైనది ఈ యొక్క బట్టపేరే. అంతకుముందటి శతాబ్దమున మర్యాదస్థులు పురుషుల పంట్లామును గూడ పేరుపెట్టి పిలువక 'చెప్పరానివి' అను అర్థమిచ్చు మాటలతో సూచించుచుండిరి. చెప్పరానివని చెప్పుచునే చెప్పుట! పిల్లలు ఇది విని నవ్వుదురు. కాని తాము రవికను గూర్చి చేయుచున్నదియు నిట్టిదే యని వారికి తట్టదు.

మన కావ్యములలో ఈ తొడుగునకు కుప్పసము, కంచుకము అను పేర్లు గలవు. వాడుకలో రవిక నిలిచినది. తరువాత జాకెట్టు వచ్చినది. జాకెట్టు అనుటయే నాగరకమని యెంచిన తరము ఇంకను మన యిండ్లలో నున్నది. ఇప్పుడు జాకెట్టు కూడ పల్లెటూరి మాటయై, పట్టణపు దుకాణములలో బ్లౌజు దాని పీటపై కూర్చున్నది. రేపు బ్లౌజునకును ఇదే గతి పట్టును. సిగ్గు మాటలో నుండినయెడల మాట మార్చినంతనే అది తొలగిపోవలసినది. పోవుట లేదు, కొత్తమాట వెంట నడచి వచ్చుచున్నది. తన దేహమును గూర్చియు, తన తల్లి బట్టలను గూర్చియు బాలికకు మనము నేర్పిన సిగ్గు అది. దానిని మాట మీదికి త్రోసి, మాటను ఇల్లు వెడలగొట్టుట న్యాయమా?

ఇక మర్యాదగలవని మనము తెచ్చుకొనుచున్న పేర్ల వంశావళిని కొంచెము విచారింతము. బ్లౌజు అనునది ఫ్రాన్సు దేశమున కూలివారు, పనివారు తొడిగికొను వదులైన నీలపు అంగీ. జాకెట్టు ఫ్రెంచి 'జాకెత్' నుండి వచ్చినది; ఆ దేశపు రైతులను ఎగతాళిగా 'జాక్' అని పిలుచుటనుండి అది పుట్టెనని నిఘంటుకారులలో పెక్కుర యూహ. పెటికోటు అనగా చిన్నకోటు. మొదట దానిని ధరించినవారు పురుషులు. పైకోటు క్రింద వెచ్చదనమునకై తొడిగికొనెడివారు. గౌను అనునది వృద్ధులును రోగులునైన సన్న్యాసులకు మఠములలో అనుమతింపబడిన తోలుబట్ట పేరునుండి వచ్చినది. ఫ్రాకు కూడ సన్న్యాసుల అంగీయే. మతగురువును పదవినుండి తొలగించుటకు ఫ్రాకు విప్పుట యని ఆంగ్లములో నేటికిని అందురు. మన పసిబిడ్డలకు పుట్టినదినమునాడు తొడుగు కుచ్చులగౌను వెనుక ఇంత కథ యున్నది! కూలివాడును, రైతును, సన్న్యాసియు నీచులని మేము చెప్పుట లేదు. మన రవికకు లేని కులీనత ఏదియు ఆ మాటలకు లేదని మాత్రమే చెప్పుచున్నాము.

వ్యాకరణము చదువు పిల్లలకు ఇందులో మరికొన్ని వేడుకలు గలవు. 'బాడిస్' అను మాట నిజమునకు 'బాడీస్', అనగా దేహములు అను బహువచనము. రెండు ముక్కలుగా కుట్టి కలుపు తొడుగు గనుక జత అని లెక్కించెడివారు. కాలక్రమమున బహువచనమును ఏకవచనమని భ్రమించిరి. మన యూళ్లలో ముసలమ్మలు లోపలి తొడుగును 'బాడీ' అనుట విని ఆంగ్లము వచ్చినవారు నవ్వుదురు గాని, పదము పుట్టువు చూచినచో ముసలమ్మలదే సరియైన రూపము. 'ఏప్రన్' అసలు 'నేప్రన్'. 'ఎ నేప్రన్' అను మాటలను తప్పుగా విరిచి 'యాన్ ఏప్రన్' చేసిరి. మొదటి అక్షరము విశేషణముతో లేచిపోయినది. 'పినఫోర్' అనగా ముందువైపున సూదితో గ్రుచ్చినది. 'చింట్జ్' అను రంగురంగుల అద్దకపు గుడ్డ పేరు మన దేశపు 'ఛీంట్' అను మాటకు వారు చేసిన బహువచనము. దానినే మనవారు చీటిగుడ్డ అనిరి. అదియును బాడిస్ వలెనే తరువాత ఏకవచనమై కూర్చున్నది.

'బానెట్టు' అనగా ఏమి యని తరగతిలో అడిగినచో, మోటారుబండి ముందరి మూత యని బాలురు ఒక్క గొంతుతో చెప్పుదురు. అది స్త్రీలు గడ్డము క్రింద నాడాతో ముడివేసికొను టోపీ యని చెప్పినచో నమ్మరు. 1611వ సంవత్సరపు ఆంగ్ల బైబిలు నిర్గమకాండములో అహరోను కుమారుల తలలపై ఈ బానెట్లే యున్నవని చూపినచో మరింత ఆశ్చర్యపడుదురు. అంతకుముందు అది పురుషుల టోపీయే. ఒక మాట యాజకుని తలనుండి అమ్మగారి తలకును, అక్కడనుండి బండి మీదికిని ప్రయాణము చేసినది.

బైబిలు ప్రసంగము వచ్చినది గనుక యెషయా మూడవ అధ్యాయమును తలంపక తప్పదు. సీయోను కుమార్తెల అలంకారములను ప్రవక్త ఒక్కొక్కటిగా లెక్కపెట్టిన చోటు అది. స్త్రీల వస్తువుల జాబితా ఇంత పొడవైనది పరిశుద్ధ గ్రంథములో మరియొకటి లేదు. అచ్చట పాత ఆంగ్ల బైబిలులో నున్న మఫ్లర్, వింపుల్, స్టమచర్ మొదలగు మాటలు నేటి ఆంగ్లేయ బాలునికి మన బాలునికి తెలిసినంతయే తెలియును. వింపుల్ అనగా తలను, మెడను చుట్టి కప్పు గుడ్డ. స్టమచర్ అనగా రొమ్మునుండి కడుపువరకు ముందు బిగించు అలంకారపు పలక. రాణి ఎలిజబెత్తు కాలపు పటములలో తప్ప దానిని చూచినవారు లేరు. మన తెలుగు గ్రంథము తెరచి చూడుడు. బానెట్ల చోట కుల్లాయీలున్నవి. వింపుల్ చోట పైటలున్నవి. స్టమచర్ చోట పైవస్త్రమున్నది. ఎబ్రీ భాషలోని ఆ అరుదైన పదముల అర్థమును గూర్చి పండితులు నేటికిని తర్కించుచున్నారు. కావున ఏ యనువాదమును అక్షరాల సరియని పట్టుబట్టుట తగదు. అయినను మన యనువాదకులు దొరల గ్రంథమునుండి వింపుల్ అను మాటను తెచ్చి మన నోట కుక్కక, మన స్త్రీల భుజములపై నున్న పైటను చూచి ఆ మాట వ్రాసిరి. ఆదివారమున ప్రార్థన మొదలు కాగానే ఆ పైటనే తలపైకి లాగికొను అవ్వకు ఆ వచనము చదివినచో వ్యాఖ్యానము అక్కర లేదు. రూతు కళ్లమునుండి యవలు మోసికొనిపోయిన గుడ్డ పాత ఆంగ్లములో 'వేల్' అని యున్నది. వేల్ అనగానే ఆంగ్లము చదివినవారికి ముఖముపై వ్రేలాడు పలుచని వల తోచును. దానిలో ఆరు కొలల యవలు ఎట్లు నిలుచును? 1885లో ఆంగ్లేయులే దానిని సవరించి 'మాంటిల్' అని వ్రాసికొనిరి. తెలుగులో అది దుప్పటి. కోతకాలమున దుప్పటిలో ధాన్యము మూటగట్టుట ఈ గోదావరి ప్రాంతపు బిడ్డకు చెప్పవలెనా?

మన భాషలోనికి ఆంగ్లపు బట్టపేర్లు వచ్చుట యటుండగా, మన యూరి పేరొకటి ఆంగ్లములోనికి పోయి బట్టపేరైన సంగతి మన పిల్లలలో ఎందరికి తెలియును? పెద్ద ఆంగ్ల నిఘంటువు తెరచి 'మాడపోలమ్' అను మాట చూడుడు. స్త్రీల లోపలి దుస్తులకును, కుట్టుపనులకును తగిన మెత్తని తెల్లని నూలుగుడ్డ యని అర్థము వ్రాసియుండును. ఫ్రెంచిలోను స్పానిషులోను కూడ ఈ మాట గలదు. ఈ మాడపోలమ్ ఏ దూరదేశమో కాదు. నరసాపురము ప్రక్కన వశిష్ఠ గోదావరి యొడ్డున నున్న మాధవాయిపాలెము. ఈస్టిండియా కంపెనీవారికి అక్కడ వర్తకస్థానముండెను. ఈ డెల్టాలో వారికి బండమూర్లంకయందును, ఇంజరమునందును మరి రెండుండెను. వాటిలో మాధవాయిపాలెమే ముఖ్యమైనది. మన నేతగాండ్రు మగ్గములపై నేసిన గుడ్డ ఆ రేవులనుండి ఓడలెక్కి పోయి, ఊరిపేరే తన పేరుగా ఇంగ్లాండులో అమ్ముడుపోయెను.

అంతటితో కథ ముగిసినచో గర్వపడి యూరకుందుము. ఇంగ్లాండులో మరమగ్గములు వచ్చినవి. కంపెనీవారి వర్తకము 1833 ప్రాంతమున ముగిసి ఇక్కడి వర్తకస్థానములు మూతపడినవి. తరువాత మాడపోలమ్ అను పేరుగల గుడ్డ ఇంగ్లాండు మిల్లులలో తయారై మన దేశమునకే దిగుమతి యయ్యెను. మాధవాయిపాలెము పేరు ముద్రించిన తానులను కాకినాడ రేవులో దింపుకొని, మాధవాయిపాలెపు నేతగాని మనుమలు కొని కట్టుకొన్నను ఆశ్చర్యము లేదు! 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ అను నిఘంటువులోనే, ఇది ఇంగ్లాండునుండి ఇండియాకు ఎగుమతియగు సరకని వ్రాయబడియున్నది. మాట బ్రదికినది, మగ్గము చచ్చినది. ఆంగ్లపదము పలికినంతనే గౌరవము వచ్చునని తలంచు బాలికకు మేము చెప్పునది ఇదియే: నీకు ఆంగ్లపదమే కావలసినయెడల ఈ మాడపోలమ్‌ను తీసికొనుము. దానిలో నీ యూరును, నీ తాతల చెమటయు నున్నవి.

నరసాపురము మాట వచ్చిన తరువాత లేసును మరచుట తగదు. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలవలన ఆ ప్రాంతపు స్త్రీలకు ఈ అల్లికపని అబ్బినదని మన సంఘములలో అందరును గర్వముగా చెప్పుకొందురు; అందుకు కారణమును గలదు. 2024లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అయితే మరియా మీస్ అను జర్మను విదుషి 1982లో ప్రకటించిన గ్రంథము మన గర్వమునకు కొంత కళ్లెము వేయును. ఆ స్త్రీలు దినమున అనేక గంటలు సూదికి కన్నులర్పించి అల్లుచున్నను, వారు పనివారు కారు, 'హౌస్‌వైఫ్'లు, తీరికవేళ ఏదో అల్లుకొనువారు అని వర్తకులును, వారి యింటివారును, తుదకు వారును తలంచుటవలన కూలి అతి స్వల్పముగా నిలిచిపోయెనని ఆమె చూపినది. మాట యొక్క బలము ఇట్టిది. ఈ హౌస్‌వైఫ్ అను పదమే అరిగి అరిగి ఆంగ్లములో 'హస్సీ' అను తిట్టుగా మారినది. నూలు వడకు స్త్రీ అను అర్థముగల 'స్పిన్‌స్టర్' అను మాట పెండ్లికాని స్త్రీకి దస్తావేజులలో వాడుచు వాడుచు ఎగతాళిమాటయై, 2005లో ఇంగ్లాండు వివాహపు రిజిస్టర్ల నుండి తొలగింపబడినది. సామెతలు చివరి అధ్యాయములోని గుణవతి చేత కదురున్నది గదా! ఆమెను ఆంగ్లేయుడు ఏమని పిలుచునో యని మేము అప్పుడప్పుడు తలంచుకొందుము.

ఇంతవరకు పేర్ల మాట. ఇక బట్టనే నిరాకరించిన కథలున్నవి. రవిక అని వినినంతనే నవ్వు బాలురు ఈ భాగమును రెండుమారులు చదువవలెను.

దక్షిణమున తిరువాన్కూరు రాజ్యములో నాడారు స్త్రీలు పై కులములవారి యెదుట రొమ్ము కప్పుకొనరాదని ఆచారముండెను. క్రైస్తవులైన స్త్రీలు కుప్పాయము తొడుగవచ్చునని 1814లో కర్నలు మన్రో యుత్తరువిచ్చెను. కుప్పాయము మన కుప్పసమునకు తోబుట్టువు. మిషనరీల భార్యలు వదులైన జాకెట్టును కుట్టి చూపిరి. దానిని తొడుగుకొన్న స్త్రీలను సంతలలోను దారులలోను పట్టి బట్టలు చింపిరి. ప్రార్థనాలయములను, బడులను కాల్చిరి. కడపట 1859లో మద్రాసు గవర్నరు ఒత్తిడిమీద రాజు ప్రకటన వెలువరించి, క్రైస్తవులు కానివారును ఆ జాకెట్టును తొడుగవచ్చునని అనుమతించెను. అప్పుడును పై కులపు స్త్రీల వలె కట్టుకొనుటకు మాత్రము అనుమతి లేదు. నలుబదియైదేండ్ల పోరాటము, ఒక్క కుప్పసము కొరకు!

అంత దూరమేల? ఈ రాజమహేంద్రవరములోనే, మన పాఠశాలకు వచ్చు వీథులలోనే, ఉన్నత కులములలో మగడు చనిపోయిన బాలికకు తల గొరిగించి, రవిక విప్పించి, ఒంటి ముతకచీరతో మూల కూర్చుండబెట్టెడివారు. పండ్రెండేండ్ల పిల్లయైనను అంతే. ఆంగ్లములో వితంతువుల దుస్తులకు 'వీడ్స్' అను పాతమాట గలదు. వీడ్ అనగా కలుపుమొక్క యని మాత్రమే తెలిసిన విద్యార్థి, వితంతువు కలుపుమొక్కలు ధరించుట యేమని ఆశ్చర్యపడును. అది బట్ట అను అర్థముగల వేరొక ప్రాచీనపదము. వారి వీడ్స్ నల్లనివి, కుట్టినవి, నిండుగా కప్పునవి. ఇక్కడి బాలవితంతువునకు ఆ పాటి కుట్టుబట్టయును దక్కలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన ఈ పట్టణమున మొదటి వితంతువివాహము చేయించినపుడు ఆ పెండ్లికూతురికి తిరిగి దక్కినవి మగడును పసుపుకుంకుమలును మాత్రమే కావు. ఇంటిలో తక్కిన స్త్రీలందరును తొడుగుకొను రవికయు తిరిగి దక్కినది. ఆ దినమున ఆ యింట ఎవరైనను రవిక అను మాట విని నవ్వియుందురా?

అప్పటి తలగొరిగింపు ఆచారము పోయినది. దాని మాట పోలేదు. ముండనము అనగా తల గొరుగుట. దానినుండి పుట్టిన ఒక తిట్టు మన బడి ఆవరణలో ఆటల వేళ దినమునకు పదిమార్లు వినబడుచున్నది. బాలుడు బాలుని తిట్టును, ఆ దెబ్బ ఇద్దరి తల్లులకును తగులును. రవిక పలుకుటకు సిగ్గుపడు నాలుక ఈ మాటకు సిగ్గుపడదు. తలిదండ్రులారా, ఏ మాటను ఇంటినుండి వెడలగొట్టవలెనో నిర్ణయింపవలసి వచ్చినపుడు దీనితో మొదలిడుడు.

మా పక్షమువారి దోషమును ఒకటి చెప్పక విడుచుట న్యాయము కాదు. వెనుకటి దినములలో మన యూళ్లలో పొలము పనికి పోవు బీద స్త్రీలు పెక్కురు రవిక లేకయే పైటను నిండుగా చుట్టుకొని మర్యాదగా జీవించిరి. అట్టివారు ఇటీవలివరకును ఉండిరి. వారిని చూచి అనాగరకులని వ్రాసిన మిషను నివేదికలును గలవు. కట్టుకొనుటకు వీలు లేకుండ చేయుట వేరు, అక్కరలేక తొడుగకుండుట వేరు. ఈ భేదమును మన పెద్దలందరును గ్రహించిరని మేము చెప్పజాలము.

జాకెట్టును, గౌనును, లేసును మన భాషనుండి తరిమివేయుడని మేము కోరుట లేదు. అవి మన యిండ్లలో కాపురముండి తెలుగు విభక్తులను తగిలించుకొని, తెలుగువారి పిల్లలవలెనే తిరుగుచున్నవి. లంగా, ఓణీ హిందుస్థానీ పుట్టింటివి. వాటిని ఎవరును పరాయివనరు. మా యభ్యంతరము కొత్త కోడలు వచ్చినదని అత్తను వీథిలోనికి నెట్టుట మీదనే. ఇప్పుడు కొంగునకు బదులు పల్లూ అనుచున్నారు. అనుడు, కాని కొంగు పోయినచో దానితో ఎన్ని పోవునో లెక్క చూచుకొనుడు. పెండ్లిలో కొంగుముడి వేయుదురు. ఆపదలో కొంగు చాచి వేడుకొందురు. బిడ్డ కొంగు పట్టుకొని తిరుగును. డబ్బు కొంగున ముడివేసికొందురు. చేతికందిన భాగ్యమును కొంగుబంగారమందురు. పల్లూబంగారమని ఎవరైన అనగలరా? ఆడపడుచు పుట్టింటికి వచ్చినచో చీర రవిక పెట్టి పంపుదురు. క్రిస్మసునకు మన క్రైస్తవ కుటుంబములలోను ఇదే వాడుక. 'శారీ బ్లౌజ్ పీస్ ఇచ్చితిమి' అన్నచో దుకాణములో బేరము జరిగినట్లుండును గాని, అన్న చెల్లెలికి పెట్టినట్లుండదు.

ఆంగ్లపాఠములో బ్లౌజు అనుడు. స్పెల్లింగు తప్పక వ్రాయుడు. బానెట్టునకును వింపుల్‌నకును అర్థము నేర్చుకొనుడు. తెలుగు వ్యాసములో రవిక అని వ్రాసిన బాలికకు ఈ సంవత్సరమునుండి మేము ఒక మార్కు ఎక్కువయే వేయుదుము. అది పక్షపాతమని బాలురు మొరపెట్టుకొనినయెడల, తమ వ్యాసములలో పంచె, కండువా, తలపాగా అని వ్రాసి వారును ఆ మార్కును సంపాదించుకొనవచ్చును.

వేసవి సెలవులలో అమ్మమ్మల, నాయనమ్మల యూళ్లకు పోవు పిల్లలకు ఒక చిన్న పని యప్పగించుచున్నాము. వారి నోట వినిన బట్టల పేర్లను, చెప్పినవారి వయస్సును ఊరిపేరును జతచేసి, కాగితముమీద వ్రాసి జూన్ నెలలో తేవలెను. ముడిరవికకును కుట్టురవికకును భేదమేమి, కుచ్చెళ్లు ఎన్ని పోయుదురు, అంచునకును చెరగునకును పేర్లేమి, పనివేళ చీరను ఎట్లు ఎగదోపుదురు, ఆ దోపునకు పేరేమి యని అడుగవలెను. మనుమరాలు అడిగినచో చెప్పని ముసలమ్మ యుండదు. చెప్పుట మొదలిడిన తరువాత ఆపుటయే కష్టము. నరసాపురము వైపు పోవువారు చీటిగుడ్డ అను మాట అక్కడ ఇంకను వినబడుచున్నదో లేదో, వినబడినచో ఏ గుడ్డను చూపి ఆ మాట అనుచున్నారో ప్రత్యేకముగా కనుగొని రావలెను. వీలైనచో అరచేయి వెడల్పు ముక్క నొకదానిని గూడ అడిగి తేవలెను.